పంపు శబ్దంలో తేడా

మార్చి 6, గురువారం

నేను చేయాల్సిందంతా చేశాను.

ముందు ఈ మాట రాసుకోవాలి. రిఫైనరీ కంట్రోల్ రూమ్‌లో తెర మీద ఎర్ర గీత లేవగానే కాలమ్ అడుగు పంపు ఆపేశాను. దానికి ముందున్న వాల్వు కూర్చున్న చోటి నుంచే మూసేశాను. ఫైర్ స్టేషన్‌కు బెల్లు కొట్టాను. చేతులు వణకలేదు. రోజంతా "స్థిమితంగా ఉండండి" అంటూ మమ్మల్ని వేపుకు తినే మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి, స్థిమితం సార్, ఇవాళ తనే కుర్చీ తన్నుకుని పడ్డాడు. నేను పడలేదు.

ఫీల్డు డ్యూటీలో ఉన్న అన్నయ్యను ఆంబులెన్స్‌లో తీసుకువెళ్ళారు. కుడి చెయ్యి, మెడ, చెవి దాకా కాలింది. స్పృహలోనే ఉన్నారట. పంపు సీలు పగిలి నూనె చిమ్మి అంటుకున్నప్పుడు ఆయన దాని పక్కనే ఉన్నారు. అంత దగ్గరికి ఎందుకు వెళ్ళారో.

వదినకు మా ఆయనే ఫోన్ చేశాడు. ఆవిడ ఆయన సొంత అక్క, అన్నయ్య ఆయనకు బావ కదా.

మంట రాకముందు అన్నయ్య వాకీటాకీలో ఏదో అన్నారు. సరిగా వినపడలేదు.


మార్చి 7, శుక్రవారం

ప్లాంట్ హెడ్ స్వయంగా కంట్రోల్ రూమ్‌కి వచ్చాడు. అందరి ముందూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. "ఫీల్డులో మనిషి తొందరపడినా, ప్యానెల్లో మన అమ్మాయి తొందరపడలేదు. లేకపోతే మంట ఫర్నెస్ దాకా పాకేది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ గదిలో ప్యానెల్ ముందు కూర్చున్న మొదటి ఆడదాన్ని నేను. ఇన్నాళ్ళూ వాళ్ళంతా "మనం", నేనొక్కదాన్నే "మేడమ్". ఇవాళ "మన అమ్మాయి" అయ్యాను.

నోటీసు బోర్డు కోసం ఫోటో తీశారు. బాగానే వచ్చింది.


మార్చి 9, ఆదివారం

ఆసుపత్రి. కాలిన గాయాల వార్డులోకి ఒక్కొక్కరినే పంపుతున్నారు. ప్లాస్టిక్ గౌను, ప్లాస్టిక్ టోపీ, చేతులకు గ్లవ్స్. అన్నయ్య చేతికి చుట్టిన గుడ్డకు వాసెలిన్ పట్టించి ఉంది. సెలైన్ సంచీ, ముక్కులో గొట్టం, మంచం మీది షీటు. ఆ గదిలో ఉన్నవాటిలో సగం మా కాలమ్‌లో వేరు చేసిన ముడి చమురులోంచి వచ్చినవే అనిపించింది. అన్నయ్య నిద్రలో ఉన్నారు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నానని ఇక్కడ కాబట్టి రాస్తున్నాను.

బయట బెంచీ మీద వదిన అడిగింది.

"ఇంతకీ నాకు తెలీక అడుగుతాను, అగ్గిపుల్ల గీసినవాడు లేడు, బీడీ కాల్చినవాడు లేడు. ఎట్లా అంటుకుందే అది?"

చెప్పాను. బావి నుంచి వచ్చే ముడి చమురు నల్లగా, బురదగా, ఉప్పునీళ్ళతో కలిసి ఉంటుందని. ఉప్పు కడిగేసి, ఫర్నెస్‌లో మరగబెట్టి, పొడుగాటి కాలమ్‌లోకి వదులుతామని. తేలికైనవి ఆవిరై పైపైకి పోతాయి. అన్నిటికన్నా పైన వంటగ్యాసు, పెట్రోలు. వాటి కింద కిరోసిన్, ఇంకా కింద డీజిల్. ఎంత కాచినా ఆవిరి కానిది అడుగున మిగిలిపోతుంది. రోడ్లకు వేసే తారు, కొవ్వొత్తుల మైనం, ఇంజను ఆయిలు అన్నీ ఆ మడ్డిలోంచే తీస్తారు.

"ఆ మడ్డిని తోడే పంపే వదినా అది. అందులో ఉన్నది ఎంత వేడిగా ఉంటుందంటే, గాలి తగిలితే చాలు, తనంతట తనే అంటుకుంటుంది."

వదిన కాసేపు తల ఊపుతూ కూర్చుంది. ఆవిడ ఏదైనా అర్థం చేసుకోవాలనుకుంటే అంతే, నమిలి నమిలి మింగుతుంది.

"మరి ఆ పంపు పాడైందని ముందే తెలీదా?"

"తెలీదు వదినా" అన్నాను.

పంపు శబ్దంలో తేడా ఉందని అన్నయ్య అన్నారు. నిజమే. కాసేపు చూద్దాం అన్నాను. నా కుర్చీలో ఎవరున్నా అదే అంటారు. రోజుకు పది శబ్దాల్లో పది తేడాలుంటాయి.


మార్చి 10, సోమవారం

నోటీసు బోర్డు వైపు నుంచి కాకుండా వెనక మెట్ల మీదుగా వెళ్ళాను. ఆ దారి దగ్గర.


మార్చి 12, బుధవారం

హెడ్ ఆఫీసు నుంచి విచారణకు ఒకాయన వచ్చాడు. ఒకప్పుడు ఫైర్ సర్వీసులో చేశాడట. చాలా మెల్లగా మాట్లాడతాడు. టీ ఇస్తే చల్లారేదాకా ముట్టుకోడు. నన్ను అడిగిందల్లా తెరమీది అంకెల గురించే. అంకెలన్నీ బాగానే ఉన్నాయి. మంట వచ్చిన క్షణం దాకా కాలమ్ అడుగున మడ్డి మట్టం చూపే గీత స్కేలు పెట్టి గీసినట్టుంది.

"చాలా నిలకడగా నడిపారు" అన్నాడు.

"థాంక్యూ సార్" అన్నాను.

"ఫీల్డ్ ఆపరేటర్ మీతో ఏమైనా మాట్లాడాడా?"

స్థిమితం సార్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "మామూలు మాటలే సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

బయటికొచ్చాక స్థిమితం సార్ నా పక్కన నడుస్తూ, "వాకీటాకీ మాటలు ఎక్కడా రికార్డు కావు. స్థిమితంగా ఉండు" అన్నాడు. అడక్కుండానే.


మార్చి 15, శనివారం

అన్నయ్య మాట్లాడుతున్నారు. గొంతు బొంగురుగా ఉంది. నన్ను చూసి, "డ్యూటీ నుంచేనా అమ్మాయ్?" అన్నారు. నేను తలూపాను. కాలమ్ మళ్ళీ ఎప్పుడు మొదలెడతారని అడిగారు. పంపు గురించి అడగలేదు. మందుల మత్తు వల్ల ఆ మధ్యాహ్నం గుర్తు లేదేమో. అలాంటి దెబ్బలు తగిలినప్పుడు మర్చిపోతారని ఎక్కడో చదివాను.

గుర్తుండకూడదని కోరుకుంటూ కూర్చున్నాను, ఆయన మంచం పక్కనే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్లాంటంతా తిప్పి చూపించింది ఈయనే. "స్క్రీన్ మీద కనిపించేది ప్లాంటు కాదమ్మాయ్, ప్లాంటు ఫోటో" అనేవారు. పైపు మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవిలో పెట్టుకోమని, లోపల ఏం పారుతోందో చెప్పమనేవారు. నాకు గుర్రుగుర్రుమనడం తప్ప ఏమీ వినిపించేది కాదు. "పర్లేదు, నీకు కళ్ళున్నాయి, నాకు చెవులున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క" అని నవ్వేవారు.

ఆయన అన్నది ఇది: "అమ్మాయ్, అడుగు పంపు శబ్దంలో తేడా వస్తోంది. స్పేరు పంపు వేద్దామా?"

షిఫ్టు మారాక చూద్దాం అన్నాను. పంపు మారిస్తే మట్టం ఊగుతుంది, కాలమ్ కుదుటపడటానికి సమయం పడుతుంది, ఆలోగా కిరోసిన్ రంగు చెడుతుంది. ఇవన్నీ ఉత్త సాకులు కావు. అన్నీ నిజాలే. అదే కష్టంగా ఉంది.


మార్చి 16, ఆదివారం

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో ఎవరో శిష్యుడు కారును కొత్త గోడకు గుద్దాడట. "మీ వాళ్ళు ఎండనకా వాననకా పెట్రోలు తీస్తారు, మా వాళ్ళు ఇలా తగలేస్తారు" అన్నాడు, నన్ను నవ్వించాలని. నవ్వాను. "ఏంటి ఆ నవ్వు, పన్ను నొప్పా?" అన్నాడు.

చెప్పబోయి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళాను. పాలు పొంగలేదు.


మార్చి 18, మంగళవారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

అన్నయ్యను మామూలు వార్డుకు మార్చారు, వదిన వాళ్ళ పక్కింటావిడ చూడ్డానికి వచ్చింది. ఎవరు చెప్పారో, విచారణలో ఏం తేలబోతోందో వదిన చెవిన పడింది. ఫీల్డ్ ఆపరేటర్ ఎవరికీ చెప్పకుండా, నడుస్తున్న పంపు దగ్గరికి తనంతట తనే వెళ్ళాడని. వదిన అన్నయ్య దిండు సర్దుతూ సర్దుతూ ఒక్కసారిగా అందుకుంది.

"ఎవరికి చెప్పి వెళ్ళారండీ అక్కడికి? పెద్ద మొనగాడిననుకున్నారా? లోపల అమ్మాయి కూర్చునే ఉంది కదా! ఒక్క మాట, ఒక్క మాట దాని చెవిన వేస్తే ఆపేసేది కాదూ? ఇంట్లోనూ ఇంతే, ఎవరితోనూ ఏదీ చెప్పి చావరు. ఇప్పుడు చూడండి, అన్నం ముద్ద కూడా నేనే పెట్టాలి."

పక్కింటావిడ, "ఊరుకోండి, మగవాళ్ళంతా అంతే" అంది.

అన్నయ్య కిటికీ వైపు చూస్తున్నారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒకటి చేసి ఉండేదాన్నేమో. చూడలేదు. ఆయనకు అంతా గుర్తుంది. ఆ చూడకపోవడంలోనే తెలిసిపోయింది.

వదిన ఏడుస్తోంది. నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. వేసి, "ఊరుకో వదినా" అన్నాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వు ఉండబట్టి ప్రాణాలతో దక్కారే" అంది.

నేను చెయ్యి లాక్కోలేదు.

ఆ రోజు నేనన్నది ఇది. "అన్నయ్యా, సర్వీసింగ్ చేయించాల్సింది పంపుకి కాదు, మీ చెవులకి."

ఆ సాయంత్రం ప్లాంట్ హెడ్ కంట్రోల్ రూమ్‌కు వస్తాడని అందరికీ తెలుసు. నా గీత తిన్నగా ఉంది. అది తిన్నగా ఉన్నప్పుడే ఆయన చూడాలని నా ఆశ. అన్నయ్య "సరేనమ్మా, ఇంకోసారి దగ్గరికెళ్ళి వింటాను" అన్నారు. అందుకే అంత దగ్గరికి వెళ్ళారు. నేను పంపించాను.

ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇన్ని రోజులూ ఇందులో కూడా అబద్ధాలే రాశాను. ఎవరికి భయపడి?


మార్చి 19, బుధవారం

చెప్పలేదు.


మార్చి 20, గురువారం

వదినకే ముందు చెప్పాలనిపించింది. విచారణ కాగితంలోంచి ఆవిడకు తెలియకూడదు. వార్డు వరండాలో కుళాయి దగ్గర సీసా నింపుతోంది. నేను చెబుతున్నంతసేపూ కుళాయి కట్టలేదు. సీసా నిండిపోయి నీళ్ళు ఆవిడ చేతి మీదుగా కారిపోతున్నాయి. అన్నయ్య అడిగిన మాట, నేనన్న మాట, రెండూ చెప్పాను.

"నవ్వులాటకి అన్నావా?" అంది.

"అవును వదినా."

"ఆయన పాడైందని చెప్తే, నువ్వు నవ్వులాటకి తీసుకున్నావు."

"అవును."

"మొన్న నేను ఆయన్ని అన్ని మాటలు అంటుంటే పక్కనే ఉన్నావు."



వదిన కుళాయి కట్టింది. సీసా మూత బిగించింది. కొంగుతో సీసా తుడిచింది, చాలా శ్రద్ధగా, అడుగు కూడా తుడిచింది.

"రేపట్నించి ఇక్కడికి రాకు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. కారు తాళాలు వేలికి తిప్పుతూ విన్నాడు. "నాతో ముందు చెప్పొచ్చుగా" అన్నాడు. తర్వాత, "నేనైతే అక్కతో చెప్పే ధైర్యం చేసేవాణ్ణి కాదు" అన్నాడు. మెచ్చుకోలు కాదది. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.


మార్చి 21, శుక్రవారం

విచారణ ఆయన దగ్గరికి నేనే వెళ్ళాను. మామూలు మాటలు కావని చెప్పాను. పంపు మార్చమని అడిగితే నేనే వద్దన్నానని చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, నేను ముగించేదాకా విన్నాడు. తర్వాత కలం తీసుకుని మళ్ళీ మొదట్నించీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టంగా ఉంది.

"అలా ఎందుకన్నారు?"

"పని ఒత్తిడిలో సార్."

ఇంకేమీ చెప్పలేదు. ఇంకేమీ లేదు.

స్థిమితం సార్ కారిడార్లో ఎదురై నన్ను చూడనట్టే పోయాడు. సాయంత్రానికి ప్యానెల్ మీద నా పాస్‌వర్డ్ పని చేయలేదు. నోటీసు బోర్డు మీద నాలుగు పిన్నులు మాత్రం ఉన్నాయి.


మార్చి 25, మంగళవారం

ఇంట్లోనే.


ఏప్రిల్ 2, బుధవారం

అన్నయ్య ఇంటికి వచ్చారట. మా ఆయన వెళ్ళి చూసి వచ్చాడు. రెండు వేళ్ళు ఇక ముడుచుకోవట. "నా గురించి ఏమైనా అన్నారా?" అని అడిగాను. "అడిగారు" అన్నాడు. "ఏమని?" అంటే, "అన్నం తింటోందా అని" అన్నాడు.

వదిన?

"అక్క వేరే గదిలోకి వెళ్ళిపోయింది."


ఏప్రిల్ 11, శుక్రవారం

విచారణ కాగితం వచ్చింది. అన్నయ్య మీద తప్పు లేదని రాశారు. నన్ను ప్యానెల్ నుంచి తీసేసి ట్రైనింగ్ సెంటర్లో వేశారు. ఇంకో మాట కూడా చేర్చారు. ఇకమీదట పంపు విషయంలో ఫీల్డ్ ఆపరేటర్ మాటే చివరి మాట, ప్యానెల్‌ను అడగక్కర్లేదు, అక్కడున్న స్విచ్ నొక్కేయవచ్చని.

నిజానికి అది ఎప్పుడూ నొక్కేయవచ్చు. ఆ స్విచ్ పంపు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటుంది. ఆయన ఎందుకు నొక్కలేదు? ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ నాకు ఎలా రాలేదు? వచ్చినప్పుడు మాత్రం కొంచెం హాయిగా అనిపించింది. ఆయనదీ కొంత తప్పుందని.

ఆ హాయిని కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.


మే 5, సోమవారం

వదినను చూశాను. బజారులో, బకెట్లు అమ్మే కొట్టు ముందు. ఒక బకెట్ తలకిందులు చేసి చూస్తోంది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ పక్కకు తప్పుకోలేదు.

"నీ మీద కోపం పోయిందనుకోకు" అంది, బకెట్‌నే చూస్తూ.

"అనుకోవట్లేదు వదినా."

"ఆయన వచ్చే నెల డ్యూటీకి వస్తారు. ఆ చేత్తో ఫీల్డు పని చేయలేరట, మీ ట్రైనింగ్‌లోనే వేస్తారట. ఎండలో తిరగనివ్వకు. కొత్త చర్మం."

"సరే."

బకెట్ కొనకుండానే వెళ్ళిపోయింది.


జూన్ 16, సోమవారం

ట్రైనింగ్‌కు కొత్త బ్యాచ్ వచ్చింది. అన్నయ్య వెనక బెంచీలో కూర్చున్నారు, ఇవాళే చేరారు. పొద్దున నన్ను చూసి తలూపారు, అంతే.

పాఠం మామూలుగానే మొదలుపెట్టాను. వాళ్ళ చేతుల్లోని పెన్నులు, కింద వేసుకున్న చెప్పులు, పొద్దున పళ్ళు తోముకున్న బ్రష్షు, ఇవన్నీ ఒకప్పుడు భూమి అడుగున నల్లటి జిగురని. బోర్డు మీద కాలమ్ బొమ్మ గీసి, పై నుంచి కిందికి ఏది ఎక్కడ దొరుకుతుందో చూపించాను. అడుగు దాకా వచ్చి, పంపు గీసి, ఆగాను. ఇక్కడ ప్రమాదం గురించి చెప్పాలి. "ఒక ఆపరేటర్" అని చెప్తే చాలు, పేర్లు అక్కర్లేదని పైవాళ్ళు ముందే చెప్పారు.

"ఆ ప్యానెల్ ఆపరేటర్ని నేనే" అన్నాను.

అన్నయ్య అడిగింది చెప్పాను. నేనన్నదీ చెప్పాను. ముందు వరసలో ఒక అమ్మాయి, ఈ బ్యాచ్‌లో ఒక్కతే అమ్మాయి, చెయ్యి ఎత్తింది.

"మేడమ్, మీరు అలా ఎందుకన్నారు?"

పని ఒత్తిడి అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలని చూస్తోంది. రేపు తను కూర్చోబోయే గది గురించి అడుగుతోంది.

"పక్కనున్న వాళ్ళు నవ్వుతారని" అన్నాను. "అది మగవాళ్ళ గది. అంతకుముందు వాళ్ళ జోకులకు నేను నవ్వడమే కానీ, నా జోకుకు వాళ్ళెప్పుడూ నవ్వలేదు. ఆ రోజు అందరూ నవ్వారు. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి బల్ల చరిచి మరీ నవ్వాడు. నాకు చాలా సంతోషం వేసింది."

ఇది ఇక్కడ కూడా ఎప్పుడూ రాయలేదు. ఇవాళే నా నోటి నుంచి నేను విన్నాను.

వెనక నుంచి అన్నయ్య గొంతు వినిపించింది.

"నాకు వినపడింది."

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన లేచి నిలబడలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎటో చూస్తూ చెప్పారు. "పంపు మారుద్దామా అని అడుగుతూనే స్విచ్ మీద చెయ్యి పెట్టాను. ఆపేద్దామనే. అప్పుడే వాకీటాకీలో నవ్వులు వినపడ్డాయి. అందరివీ. సిగ్గేసింది. ముసలాడి చాదస్తం అనుకుంటారని చెయ్యి తీసేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో నా చెవి మీద నాకు అనుమానం వచ్చింది అప్పుడొక్కసారే." పిల్లల వైపు తిరిగి, "మీరు మాత్రం తీయకండి. ఎవరు నవ్వినా సరే" అన్నారు.

ఆ అమ్మాయి రాసుకుంటోంది. మిగతా వాళ్ళూ రాసుకోవడం మొదలుపెట్టారు. నేను బోర్డు వైపు తిరిగి, సుద్దముక్కతో అప్పటికే గీసిన పంపును మళ్ళీ గీశాను.

క్లాసయ్యాక వాళ్ళందరినీ యూనిట్ చూపించడానికి తీసుకువెళ్ళాలి. గుమ్మం దగ్గర అన్నయ్య హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించబోయారు. ఆ రెండు వేళ్ళూ కదలవు. క్లిప్పు రెండుసార్లు జారిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. చెయ్యి చాపే హక్కు నాకు లేదనిపించింది.

"చూస్తావేం? పెట్టు" అన్నారు.

దగ్గరికి వెళ్ళాను. గడ్డం కింద చర్మం గులాబీరంగులో, పిల్లల చర్మంలా నిగనిగలాడుతోంది. దానికి తగలకుండా పట్టీ లాగి క్లిప్పు నొక్కాను. ఈసారి నా చేతులు వణికాయి. ఆయన చూశారు.

"నీ మీద కోపం లేదని అనను అమ్మాయ్" అన్నారు మెల్లగా, పిల్లలకు వినపడకుండా. "ఉంది. కొన్నాళ్ళుంటుంది."

"ఉండనివ్వండి అన్నయ్యా."

"కొంచెం వదులు చెయ్యి. ఊపిరాడట్లేదు."

వదులు చేశాను. సరిపోయిందా అని అడిగాను. తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, సరిపోయిందన్నారు. పిల్లల్ని పిలిచి ఎండలోకి నడిచారు. నేను పరిగెత్తి, ఆయనను నీడ ఉన్న వైపు నుంచి తీసుకువెళ్ళాను.